పాఠకుల ప్రశ్నలు: వెంబ్లీలో ఆఖరి చుట్టు

పోయిన నెల ఈ శీర్షికలో మారథాన్ గురించి వచ్చిన ఒక ప్రశ్నకు జవాబిస్తూ, 1948 లండన్ ఒలింపిక్స్‌లో అందరికంటే ముందు స్టేడియంలోకి వచ్చి చివరికి మూడో స్థానంతో సరిపెట్టుకున్న బెల్జియం సైనికుడు ఎటియెన్ గెయిలీ పేరును ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాను. అది చాలలేదంటూ నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి, ఈసారి శీర్షికంతా ఆయనకే ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, నమస్కారం. స్టేడియంలోకి మొదట వచ్చినాయన మూడోవాడెట్లా అయ్యాడు? దారి తప్పాడా, లేక ఏదైనా తప్పు చేసినందుకు వెనక్కి నెట్టారా? మా హాస్టల్‌లో దీని మీద పెద్ద వాదులాటే జరిగింది. (డిగ్రీ విద్యార్థి, దేవరకొండ)

జవాబు: దారీ తప్పలేదు, శిక్షా పడలేదు. ఆయనను ఇద్దరు దాటిపోయారు, అంతే. అయితే ఆ దాటడం జరిగిన తీరు వల్లనే డెబ్బయి ఏళ్లు దాటినా ఆ పేరును ఇంకా తలుచుకుంటున్నాము.

గెయిలీ 1922లో బెల్జియంలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దేశం జర్మన్ల ఆక్రమణలో ఉన్న రోజుల్లో, ఇరవై ఏళ్ల వయసులో ఇల్లు విడిచి ఫ్రాన్స్, స్పెయిన్‌ల మీదుగా బ్రిటన్ చేరి, అక్కడ ఏర్పడిన బెల్జియన్ దళాల్లో పారాచూట్ సైనికుడయ్యాడు. లండన్‌లో ఉన్న రోజుల్లో బెల్‌గ్రేవ్ హారియర్స్ అనే పరుగు క్లబ్బులో చేరి సాధన చేశాడు. కాబట్టి 1948లో ఒలింపిక్స్ లండన్‌కు వచ్చినప్పుడు ఆ నగరం ఆయనకు పరాయిది కాదు. యుద్ధం ముగిసి మూడేళ్లయినా అక్కడ తిండి ఇంకా రేషన్ మీదే నడుస్తోంది. క్రీడాకారుల కోసం కొత్తగా ఏ గ్రామమూ కట్టకుండా సైనిక శిబిరాల్లోనూ కాలేజీల్లోనూ దించారు. రేవుల్లో బరువులు మోసే కూలీలకు, గని కార్మికులకు ఎంత రేషన్ ఇచ్చేవారో వారికీ అంతే ఇచ్చారు.

ఆగస్టు 7న జరిగిన మారథాన్ వెంబ్లీ స్టేడియంలో మొదలై, ఊరి రోడ్ల మీద తిరిగి, మళ్లీ అదే స్టేడియంలో ముగిసింది. దూరం 42.195 కిలోమీటర్లు, మన లెక్కలో చెప్పాలంటే, నల్గొండ నుంచి నార్కట్‌పల్లికి ఆగకుండా ఉరికి, అక్కడ నిలవకుండా తిరిగి వచ్చినంత, సుమారుగా. గెయిలీ అంతకు ముందు ఎన్నడూ పూర్తి మారథాన్ పరుగెత్తలేదు. అయినా మొదటి సగంలో ఎక్కువసేపు ఆయనే ముందున్నాడు. తరువాత కొరియాకు చెందిన చోయ్ యూన్-చిల్ ఆయనను దాటాడు. ఆ తరువాత అర్జెంటీనా పరుగువీరుడు డెల్ఫో కాబ్రేరా కూడా దాటాడు. చోయ్ నొప్పితో పందెం మధ్యలోనే ఆగిపోయాడు. గెయిలీ మాత్రం ఆగలేదు. మిగిలిన సత్తువనంతా కూడగట్టుకుని కాబ్రేరాను మళ్లీ దాటి, స్టేడియం ద్వారంలోకి అందరికంటే ముందు అడుగుపెట్టాడు.

అక్కడి నుంచి మిగిలింది సుమారు ఒక చుట్టు. ఆ చుట్టులో ఆయన పరుగెత్తలేకపోయాడు. తూలుతూ, నడకకు పరుగుకు మధ్య ఏదో ఒక రీతిలో కాళ్లు ఈడుస్తూ సాగుతుండగా మొదట కాబ్రేరా, ఆ వెనుకే వేల్స్‌కు చెందిన బ్రిటిష్ పరుగువీరుడు టామ్ రిచర్డ్స్ ఆయనను దాటిపోయారు. కాబ్రేరా సమయం 2 గంటల 34 నిమిషాల 51.6 సెకన్లు, రిచర్డ్స్ 2:35:07.6, గెయిలీ 2:35:33.6. గీత దాటాక ఆయనను స్ట్రెచర్ మీద తీసుకుపోవలసి వచ్చింది.

ఈ అంకెలతో ఒక చిన్న లెక్క వేసి చూడండి. గెయిలీ సగటున ఒక కిలోమీటరును 3 నిమిషాల 41 సెకన్లలో పరుగెత్తాడు, అంటే ఆ వేగంతో ఒక చుట్టు, 400 మీటర్లు, 88 సెకన్ల పని. స్టేడియంలోకి ముందుగా వచ్చిన మనిషి గీత దగ్గర విజేతకు సరిగ్గా 42 సెకన్లు వెనుకబడ్డాడంటే, మామూలుగా పట్టే సమయంలో దాదాపు సగం ఆ ఒక్క చుట్టులోనే అదనంగా పోయిందన్నమాట. మీ హాస్టల్ వాదులాటలో ఎవరు గెలిచారో నాకు తెలియదు గానీ, జరిగినది ఇదే.

ప్రశ్న: మాస్టారుగారూ, నేను ముప్పై ఏళ్లు సర్కారు బళ్లో డ్రిల్ సార్‌గా పనిచేసి రిటైరయ్యాను. మీరు చెప్పిన గెయిలీకి అది మొదటి మారథాన్ కాబట్టి అనుభవం లేక ఓడిపోయాడు. ఇందులో అంత వింత ఏముంది? (నకిరేకల్)

జవాబు: ఆ పందెం గురించి రాసినవారిలోనూ చాలామంది మీలాగే అన్నారు. మీ అనుభవం మీద గౌరవంతోనే నేను ఒప్పుకోలేకపోతున్నాను, ఎందుకంటే గెలిచిన కాబ్రేరాకు కూడా అదే మొదటి మారథాన్. అనుభవం లేనివాళ్లు ఇద్దరు బరిలో ఉండి, ఒకరు బంగారు పతకం తీసుకుని మరొకరు స్ట్రెచర్ మీద పోతే, కారణాన్ని అనుభవలేమి మీద మాత్రమే నెట్టివేయడం సరికాదు. ఎవరు తమ సత్తువను ఎక్కడ ఖర్చు పెట్టారన్నదే అసలు తేడా అని నేను అనుకుంటాను.

శరీరంలో పరుగుకు వేగంగా అందే ఇంధనం కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే పిండిపదార్థం. అది మొత్తం కలిపి ఇంచుమించు 2000 కేలరీల పని చేయిస్తుంది. పరుగెత్తే మనిషి ప్రతి కిలో బరువుకు ప్రతి కిలోమీటరుకు సుమారు ఒక కేలరీ ఖర్చు చేస్తాడు. అరవై కిలోల మనిషికి 42 కిలోమీటర్లకు 2500 చిల్లర అవుతుంది. తగ్గిన భాగాన్ని కొవ్వు నుంచి తెచ్చుకోవాలి. కొవ్వుకు కొరత లేదు గానీ, అది కరిగి అందేది నెమ్మదిగా. వేగం పెంచినకొద్దీ శరీరం కొవ్వును పక్కన పెట్టి గ్లైకోజెన్ మీదికే పోతుంది. గంప కింద పెట్టుకున్న వడ్లను ఆషాఢంలోనే తిని, శ్రావణానికి అప్పు చేసే సంసారం లాంటిదన్నమాట. అందుకే ముప్పయ్యో కిలోమీటరు దాటాక చాలామందికి కాళ్లు ఉన్నట్టుండి మాట వినవు.

గెయిలీ మొదటి నుంచీ ముందుండి పరుగెత్తాడు. ముందున్నవాడికి గాలి నేరుగా తగులుతుంది, వేగాన్ని నిర్ణయించే భారమూ అతనిదే, వెనుకవాళ్లు ఎంత దూరంలో ఉన్నారో తెలియని ఆందోళన అదనం. ఆపైన, దాటిపోయిన కాబ్రేరాను మళ్లీ దాటడానికి ఆఖరి కిలోమీటర్లలో ఆయన పెంచిన వేగం, నా లెక్కలో, అన్నిటికంటే ఖరీదైనది. స్టేడియంలో అందరూ చూసిన ఓటమి, ఎవరూ అంతగా గమనించని రోడ్ల మీద అప్పటికే జరిగిపోయింది. కాబ్రేరా చాలాసేపు వెనుకనే ఉండి తన నిల్వను కాపాడుకున్నాడు. బ్యూనస్ ఎయిరీస్‌లో అగ్నిమాపక ఉద్యోగి అయిన ఆయన గెలిచిన ఆ తేదీ కూడా విచిత్రమే: సరిగ్గా పదహారేళ్ల క్రితం, 1932 ఆగస్టు 7న, ఆయన దేశస్థుడే అయిన జువాన్ కార్లోస్ సబాలా లాస్ ఏంజెలిస్‌లో మారథాన్ గెలిచాడు.

ఒక దృశ్యం మీరు కూడా చూసే ఉంటారు. కొన్నేళ్ల కింద మా జిల్లా పోటీల్లో, పది కిలోమీటర్ల పందెంలో మొదట వస్తున్న అబ్బాయి సున్నంతో గీసిన ఆఖరి మలుపు దగ్గర ఒక్కసారిగా మారిపోవడం చూశాను. ముందు తల వెనక్కి వాలింది. తరువాత చేతులు పొట్టకు అడ్డంగా ఊగడం మొదలైంది. పాదం పడవలసిన చోట పడక, కుడికాలు ఎడమకాలి ముందుకు వచ్చి పడింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎదుటి గీతను చూస్తున్నట్టు లేదు. ఎవరో నీళ్లు ముఖాన చల్లితే తుడుచుకోవడానికి చెయ్యి కూడా లేవలేదు. వెంబ్లీలో గెయిలీ ఎట్లా ఉండి ఉంటాడో అని తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ పిల్లవాడి పాదాలే కనిపిస్తాయి.

ప్రశ్న: సార్, నేను కానిస్టేబుల్ పరీక్ష కోసం 800 మీటర్లు ప్రాక్టీసు చేస్తున్నాను. చివరి రెండు వందల మీటర్లలో నా కాళ్లు కూడా రాళ్లవుతాయి. నాకు జరుగుతున్నది గెయిలీకి జరిగినదేనా? గ్లూకోజు తాగితే తగ్గుతుందా? (మక్తల్)

జవాబు: కాదమ్మా, ఇది వేరు. 800 మీటర్లలో ఒంట్లోని ఇంధనం అయిపోదు. ఊపిరితో అందే ప్రాణవాయువు చాలనంత వేగంతో కండరాలు పనిచేసినప్పుడు వాటిలో ఆమ్లత పెరిగి, అవి సరిగా ముడుచుకోలేకపోతాయి. ఆ బరువు అదే. గ్లూకోజు దానికి మందు కాదు. మొదటి 200 మీటర్లు ఇప్పుడు పరుగెత్తుతున్నదానికంటే కొంచెం నెమ్మదిగా పరుగెత్తి చూడు. వారానికి రెండు రోజులు 200 మీటర్ల ముక్కలు, మధ్యలో నడకతో, ఆరేడు చేయి. గెయిలీకీ నీకూ పోలిక ఉన్నది ఒక్క చోటనే, మొదట్లో దాచుకోకపోవడంలో.

ప్రశ్న: పడిపోబోతున్న మనిషిని చూస్తూ వేలమంది కూర్చున్నారా? ఒక్కరైనా చెయ్యి పట్టుకుని గీత దాటించలేకపోయారా? మన దగ్గరైతే జాతరలో ముక్కూమొహం తెలియనివాడు పడిపోయినా నలుగురు లేపుతారు. (గృహిణి, కొల్లాపూర్)

జవాబు: మీ కోపం న్యాయమైనదే, కానీ ఆ చెయ్యి పట్టుకోవడమే ఆయన పతకాన్ని పోగొట్టేది. దీనికి అదే లండన్ నగరంలో నలభై ఏళ్ల ముందు జరిగిన కథ ఒకటుంది. 1908 ఒలింపిక్స్‌లో ఇటలీకి చెందిన డొరాండో పియెత్రి కూడా మొదటివాడిగానే స్టేడియంలోకి వచ్చాడు. అయోమయంలో వ్యతిరేక దిశకు తిరిగాడు, పదే పదే కిందపడ్డాడు. మిగిలిన కొన్ని వందల మీటర్లకు ఆయనకు దాదాపు పది నిమిషాలు పట్టింది. చూస్తూ ఉండలేక అధికారులూ డాక్టరూ లేపి నిలబెట్టారు, గీత దాటించారు. రెండో స్థానంలో వచ్చిన అమెరికన్ జానీ హేస్ తరఫున ఫిర్యాదు రాగా, ఇతరుల సాయం తీసుకున్నాడన్న కారణంతో డొరాండోను పోటీ నుంచే తొలగించారు. ఇంగ్లండ్ రాణి అలెగ్జాండ్రా జాలిపడి మరునాడు ఆయనకు ఒక వెండి కప్పు ఇచ్చింది. బంగారు పతకం మాత్రం హేస్‌కే వెళ్లింది.

అందువల్ల 1948లో గెయిలీని ఎవరూ ముట్టుకోకపోవడం నిర్దయ కాదు. ఆ కంచు పతకం ఆయన కాళ్ల మీదే వచ్చింది.

ప్రశ్న: మా తాతగారు ఆ ఏడాది సంగతులన్నీ పూసగుచ్చినట్టు చెబుతారు గానీ ఒలింపిక్స్ మాట ఒక్కసారీ ఎత్తలేదు. మన దేశం ఆ పోటీల్లో లేదా? మనవాళ్లెవరూ మారథాన్ పరుగెత్తలేదా? (సూర్యాపేట)

జవాబు: మీ తాతగారిది తప్పు కాదు. 1948 ఆగస్టులో నల్గొండ జిల్లా పల్లెలు రజాకార్ల దాడులకు ఎదురుగా రాత్రిళ్లు కావలి కాస్తున్న సమయం. హైదరాబాద్ సంస్థానం ఇంకా దేశంలో కలవలేదు. సైన్యం సెప్టెంబరు 13న ప్రవేశించింది, నిజాం 17న లొంగిపోయాడు. ఆ రోజుల్లో లండన్ పరుగుపందెం ఎవరి చెవిన పడుతుంది? భారతదేశం మాత్రం స్వతంత్ర దేశంగా మొదటిసారి పాల్గొని, గెయిలీ తూలిపడబోయిన ఆ వెంబ్లీ మైదానంలోనే, అయిదు రోజుల తరువాత, ఆగస్టు 12న బ్రిటన్‌ను 4-0తో ఓడించి హాకీ బంగారు పతకం గెలిచింది.

మారథాన్ విషయానికి వస్తే, 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఛోటా సింగ్ బంగారు పతకం, సూరత్ సింగ్ మాథుర్ కంచు పతకం సాధించారు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో సూరత్ సింగ్ మూడు గంటల లోపే పందెం పూర్తిచేశాడు. కాబ్రేరా కూడా ఆ పందెంలో పరుగెత్తి ఆరో స్థానం పొందాడు.

ప్రశ్న: గెయిలీ మళ్లీ ఎప్పుడైనా గెలిచాడా? ఆ తరువాత ఆయన జీవితం ఏమైంది? (మిర్యాలగూడ, అచ్చంపేట, కల్వకుర్తి నుంచి)

జవాబు: గెలిచే అవకాశం ఆయనకు ఎక్కువ రోజులు మిగలలేదు. 1950లో యూరప్ చాంపియన్‌షిప్ పోటీలు ఆయన సొంత దేశంలోనే, బ్రసెల్స్‌లో జరిగాయి. అక్కడ మారథాన్‌లో ఆయనకు దక్కింది ఎనిమిదో స్థానం. ఆ పందెం గెలిచింది నలభై మూడేళ్ల ఇంగ్లండ్ పరుగువీరుడు జాక్ హోల్డెన్. ఈయన సంగతి కాస్త పక్కదారి అయినా చెప్పకుండా ఉండలేను. 1948 ఒలింపిక్స్‌లో హోల్డెన్ మీద బ్రిటిష్‌వాళ్లు పెద్ద ఆశలే పెట్టుకున్నారు. అరికాళ్లు గట్టిపడాలని ఆయన ముందుగా పొటాషియం పర్మాంగనేట్ నీళ్లలో పాదాలు నానబెట్టుకున్నాడు. అదే, మన ఊరి బావుల్లో వేసే ఊదారంగు మందు. చర్మం గట్టిపడటం అతిగా అయిపోయి, పరుగులో పెద్ద బొబ్బలు లేచి, ఆయన పందెం మధ్యలోనే ఆగిపోయాడు. 1950 ఫిబ్రవరిలో ఆక్లండ్‌లో మాత్రం వానకు తడిసిన బూట్లను విప్పి పారేసి, ఆఖరి పద్నాలుగు కిలోమీటర్ల వరకు ఉత్త కాళ్లతో పరుగెత్తి గెలిచాడు. దారిలో ఒక పెద్ద కుక్క వెంటపడినా ఆగలేదు. గడ్డి మోపు నెత్తిన పెట్టుకుని మొరం దారిలో ఉత్త కాళ్లతో నడిచే మన చెలకల మనుషులకు ఇది వింతగా అనిపించకపోవచ్చు.

గెయిలీ దగ్గరికి వస్తే, ఆయన మొదట సైనికుడు, తరువాతే పరుగువీరుడు. 1950లో కొరియా యుద్ధం మొదలైనప్పుడు ఐక్యరాజ్యసమితి తరఫున బెల్జియం పంపిన స్వచ్ఛంద దళంలో చేరి వెళ్లాడు. అక్కడ మందుపాతర పేలి ఆయన పాదం తీవ్రంగా దెబ్బతిన్నది. పరుగు జీవితం దానితో ముగిసింది. లండన్ పందెంలో తనను మొదట దాటింది ఒక కొరియా యువకుడే కావడం, ఆ దేశపు నేల మీదే తన పరుగు ఆగిపోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఆయన 1971లో, యాభై ఏళ్లయినా నిండకుండానే కన్నుమూశాడు.

ఈ మొత్తాన్ని చూస్తే, పూర్తి మారథాన్ దూరంలో ఆయన పేరు నిలబెట్టిన పందెం ఆ ఒక్కటే. మా పాఠకుడొకరు దాన్ని "వృథా పోయిన జీవితం" అన్నారు. నాకు మాత్రం ఆ మాట మింగుడుపడలేదు. ఆక్రమిత దేశం నుంచి తప్పించుకుని వచ్చి, మొదటిసారి ఎత్తుకున్న దూరంలో ప్రపంచంలో మూడోవాడిగా నిలిచినవాడిని, ఆ 42 సెకన్ల కోసం అట్లా తూకం వేయలేము.

ప్రశ్న: బెల్జియం చిన్న దేశం కదా. గెయిలీ తరువాత మారథాన్‌లో వాళ్లకు ఇంకెవరైనా ఉన్నారా, లేక అదొక్కటే కథనా? (వనపర్తి)

జవాబు: బెల్జియం చిన్నదే, కానీ దూరపు పరుగులో చిన్నచూపు చూడదగిన దేశం కాదు. 1948లోనే, అదే వెంబ్లీలో, గాస్టన్ రీఫ్ 5000 మీటర్ల పందెంలో ఎమిల్ జటోపెక్ అంతటివాడిని గీత దగ్గర రెప్పపాటు తేడాతో ఆపి బంగారు పతకం గెలిచాడు. మారథాన్‌లో కారెల్ లిస్మాంట్ 1972 మ్యూనిక్‌లో వెండి, 1976 మాంట్రియల్‌లో కంచు తెచ్చాడు. మన కాలంలో బషీర్ అబ్ది టోక్యో ఒలింపిక్స్‌లో కంచు, 2024 పారిస్‌లో వెండి పతకాలు సాధించాడు. ఒలింపిక్ మారథాన్ బంగారం మాత్రం ఆ దేశానికి ఇంకా అందలేదు.

వీరందరిలో గెయిలీ కథకు ఎదురుగా నిలబెట్టి చూడదగినవాడు ఒరేల్ వాందెన్‌డ్రీష్. 1963 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్ మారథాన్‌కు ఇతియోపియా నుంచి అబెబె బికిలా, మామో వోల్డే వచ్చారు. బికిలా అప్పటికి అంతర్జాతీయ మారథాన్‌లో ఎవరి చేతిలోనూ ఓడనివాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఉత్త కాళ్లతో పరుగెత్తి గెలిచి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచినవాడు. ఆ ఇద్దరూ రికార్డులు చెదిరిపోయే వేగంతో ముందుకు దూసుకుపోయారు. బోస్టన్ దారిలో ముప్పయ్యో కిలోమీటరుకు అటూ ఇటూ న్యూటన్ గుట్టలు వస్తాయి. సముద్రం వైపు నుంచి చలిగాలి వీస్తున్న ఆ గుట్టల మీద వారి కాళ్లు పట్టేశాయి. వెనుక తన వేగాన్ని తాను కాపాడుకుంటూ వస్తున్న వాందెన్‌డ్రీష్ వారిని ఒక్కొక్కరినే దాటి, 2 గంటల 18 నిమిషాల 58 సెకన్లలో గీత చేరాడు. బికిలా అయిదో స్థానంలో వచ్చాడు. 1964లో వాందెన్‌డ్రీష్ మళ్లీ బోస్టన్‌కు వెళ్లి మళ్లీ గెలిచాడు.